ఏడో బోరు నీళ్ళు

"మీ సీసాలోకి గాలి దూరింది, బాబ్జాన్ గారూ."

ఫోన్లో ఆ మాట విన్నప్పుడు బాబ్జాన్ చోడవరం బస్టాండు వెనక సందులో చేతిపంపు విప్పి వాషరు మారుస్తున్నాడు. స్పానరు చేతిలోనే ఉంది. అవతల ఉన్నది యూనివర్సిటీ మేడమ్ కాబట్టి సరిపోయింది గానీ, ఇంకెవరైనా అయితే అతని నోటి నుంచి వచ్చేది సందులో వాళ్ళు వినదగ్గ మాట కాదు.

"ఏటి మేడమ్ మీరనీది? నేను బిగించిన మూతలోంచి గాలి దూరాలంటే అది కూడా నన్నడిగి దూరాలి."

"ఒక్కసారైతే నేనూ పట్టించుకోను. జూలై నుంచి అక్టోబరు దాకా నాలుగు నెలలూ ఏడో బోరు తప్పుగానే వచ్చింది. మా సార్‌కి మీ పని మీదే అనుమానం. ఇంకో మనిషిని పెట్టుకోమంటున్నారు."

ఫోను పెట్టేశాక బాబ్జాన్ ఆ పంపుని ఎంత గట్టిగా బిగించాడంటే, తర్వాత నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు హ్యాండిలు దిగక అతన్ని తిట్టుకున్నారు.

అతనికి యాభై ఎనిమిదేళ్ళు. ముప్ఫై మూడేళ్ళుగా బోరింగు మెకానిక్కు. ఆ చుట్టుపక్కల చేతిపంపుని బోరింగనే అంటారు, అతన్ని బోరింగు బాబ్జాన్ అంటారు. తండ్రి గోవాడ ఫ్యాక్టరీలో చెరకు క్రషింగు సీజనుకి ఫిట్టరు పక్కన పనిచేసేవాడు. కొడుక్కి ఆయన ఇచ్చిన ఆస్తి ఒకటే, ఇనుము ఏ మాట చెబుతోందో వినే చెవి. బాబ్జాన్ పంపు గొట్టానికి చెవి ఆనించి, హ్యాండిలు నాలుగుసార్లు కొట్టి, లోపల పోయింది వాషరో, రాడ్డో, గొట్టానికి చిల్లో చెప్పేస్తాడు. విప్పి చూస్తే అదే ఉంటుంది. ఒకవేళ అది కాకపోతే ఆ రోజు అతని జోలికి ఎవరూ వెళ్ళకపోవడం మంచిది.

కోపం అతనికి ముక్కు మీద ఉంటుందనడం తక్కువ చెప్పడమే. "బోరింగు సచ్చిపోనాది" అని ఎవరైనా ఫోన్ చేస్తే చాలు, "సచ్చిపోనాదని నువ్వెలా సెప్పేస్తావు, డాక్టరువా?" అని ముందు ఓ విసురు విసిరి, ఆ తర్వాత మోపెడ్ తీస్తాడు. ఇప్పుడొచ్చే వాషర్లు రబ్బరు కాదు రొట్టె అంటాడు. ఇంటింటికీ మోటార్లూ కుళాయిలూ వచ్చి, చేతిపంపుల హ్యాండిళ్ళు తడిబట్టలు ఆరేసుకోవడానికి తప్ప పనికిరాకుండా పోయాయని అతనికి లోలోపల మంట. తనకు తెలిసిన విద్య తన కళ్ళ ముందే బట్టల దండెంగా మిగిలిపోయింది మరి.

అలాంటి రోజుల్లో, పోయిన ఏప్రిల్‌లో, విశాఖపట్నం నుంచి కనకమహాలక్ష్మి వచ్చింది. ముప్ఫై ఏళ్ళ పిల్ల, యూనివర్సిటీలో పరిశోధన చేస్తోంది. ఈ ప్రాంతంలో ఏ బోరు ఎంత లోతో, ఏ నీళ్ళు ఏ రుచో తెలిసిన మనిషి కావాలని అడిగితే, పంచాయతీ ఆఫీసులో ముగ్గురు ఒకేసారి బాబ్జాన్ పేరు చెప్పారు. ఆమె నేరుగా అతనింటికొచ్చి, కుర్చీ వేస్తే కూర్చోకుండా, యురేనియం గురించి మొదలుపెట్టింది.

బాబ్జాన్ రెండడుగులు వెనక్కి వేశాడు. "బాంబుల్లో ఏసీదా?"

"అదే. కానీ కొండరాయి ఉన్న ప్రతిచోటా అది కాస్తో కూస్తో ఉంటుంది. మీరు తాగే నీళ్ళలోనూ ఉంటుంది, నేను తాగే నీళ్ళలోనూ ఉంటుంది. భయపడేంత లేదు. నాక్కావలసింది, నీళ్ళు నేల కింద నడుస్తుంటే దార్లో అది ఎలా మారుతోంది అన్నది."

తర్వాత ఆమె చెప్పింది అతనికి బాగా ఎక్కింది, ఎందుకంటే ఆమె పుస్తకం తీయలేదు, ఇంటి ముందు మట్టిలో పుల్లతో గీసి చూపించింది. యురేనియంలో పరమాణువులు కొన్ని కాస్త బరువు, కొన్ని కాస్త తేలిక. వాటినే ఐసోటోపులంటారు. గాలి తగిలే నీళ్ళలో రెండు రకాలూ ఉప్పులా కరిగి నీళ్ళతో పాటే నడుస్తాయి. కొండవార మెట్ట నుంచి అవి పల్లంలోకి దిగాక గాలి చొరబడని నల్ల బురద వస్తుంది. ఆ బురదలో బతికే కంటికి కనపడని పురుగులు యురేనియాన్ని కరగని రూపంలోకి మార్చేస్తాయి. అప్పుడది నీళ్ళని వదిలేసి మట్టికి అతుక్కుపోతుంది. అతుక్కునేటప్పుడు బరువువి ఓ పిసరు ఎక్కువగా పోతాయి. అందుకని ముందుకు సాగే నీళ్ళలో యురేనియమూ తగ్గుతుంది, మిగిలినదాంట్లో తేలికవాటి పాలూ కాస్త పెరుగుతుంది.

"బరువైనోళ్ళు ముందు కూలబడతారు. ఇందులో యూనివర్సిటీ ఏటుంది?" అన్నాడు బాబ్జాన్.

"బరువుకి కూలబడటం కాదండీ. మామూలుగా ఇలాంటి మార్పుల్లో తేలికవే ముందు పోతాయి. యురేనియం మటుకు తిరకాసు, దాని పద్ధతే వేరు."

"నాలాటిదన్నమాట."

ఆమె నవ్వింది. తేడా ఎంత ఉంటుందని అడిగితే, వెయ్యిలో ఒక వంతు కూడా ఉండదంది. ఆ కాస్తకి ఇంత తిరుగుడు ఎందుకంటే, "నీళ్ళలో యురేనియం తగ్గిందనుకోండి. బురద పట్టుకున్నందుకు తగ్గిందా, వేరే నీళ్ళు కలిసి పల్చబడిందా? పల్చబడితే బరువూ తేలికల పాళ్ళు మారవు. బురద పట్టుకుంటేనే మారతాయి. ఆ పిసరు తేడాయే సాక్ష్యం" అంది.

తగ్గింది అంటే ఎందుకు తగ్గిందో అడిగే మనిషి బాబ్జాన్‌కి ఇన్నేళ్ళలో కనపడలేదు. అందరూ ఎంత తొందరగా బాగుచేస్తావనే అడిగారు.

ఇద్దరూ కలిసి ఏడు బోర్లు ఎంచారు. మొదటిది కొండవార మెట్ట మీద. అక్కణ్ణుంచి వరసగా పల్లానికి దిగుతూ, ఏడోది వడ్డాది దిగువన, పెద్దేరు వైపు చెరకు తోటల మధ్య అచ్చియ్యమ్మ పెరట్లో. ఆ ఏడోదే అన్నిటికంటే ముఖ్యమని కనకమహాలక్ష్మి పదేపదే చెప్పింది. నీళ్ళు బురదంతా దాటి వచ్చేది అక్కడికే. ఆ బోరు నీళ్ళు కుళ్ళిన గుడ్ల కంపు కొడతాయి, కొట్టినప్పుడు తేటగా ఉండి గంటలో ఎర్రబడతాయి. ఊళ్ళో ఎవరూ ముట్టని ఆ నీళ్ళని చూసి ఆ పిల్ల బంగారం దొరికినట్టు పొంగిపోయింది.

నెలకోసారి, ఆఖరి శుక్రవారం, బాబ్జాన్ ఏడు బోర్ల నీళ్ళూ పట్టాలి. పట్టడమంటే కుండ నింపడం కాదు. ముందు అరగంట పంపు కొట్టి గొట్టంలో నిలవ నీళ్ళు వదిలెయ్యాలి. సన్నటి ట్యూబు గాజు సీసా అడుక్కి దింపి, నీళ్ళు మూడు సీసాల మేర పొర్లిపోనివ్వాలి. చివర్న సీసాని నీళ్ళ బకెట్లో ముంచి, నీళ్ళలోనే మూత బిగించాలి. తర్వాత తలకిందులు చేసి, తాపీమేస్త్రీ రసమట్టం చూసినట్టు చూడాలి. బుడగ ఒక్కటి కనపడినా పారబోసి మళ్ళీ పట్టాలి. గాలి తగిలితే లోపలి నీళ్ళ తీరు మారిపోతుంది. బోరుకి రెండేసి సీసాలు, ఒకటి పరీక్షకి, ఒకటి విడిగా దాచడానికి. అన్నీ ఐసు పెట్టెలో పెట్టి, మధ్యాహ్నం మూడింటికి వడ్డాది జంక్షన్లో యూనివర్సిటీ జీపుకి అందించాలి. పెట్టె ఒక్క నిమిషం కూడా కళ్ళ ముందు నుంచి కదలకూడదు. మొదటి రోజే ఆ షరతు కాగితం మీద రాసి అతని చేత సంతకం పెట్టించింది.

ఆ పనిని బాబ్జాన్ ఎంత శ్రద్ధగా చేశాడో చెప్పడం కష్టం. అతని భార్య కుబ్రా మిషను కుడుతూ, "నమాజుకి కూడా ఇంత నిష్ఠ లేదు నీకు" అని దెప్పింది. మే నెల సీసాలు బాగున్నాయన్నారు. జూన్‌వి ఇంకా బాగున్నాయన్నారు. కనకమహాలక్ష్మి ఫోన్ చేసి, "ఏడో బోరు నేను అనుకున్నట్టే వచ్చింది, మీ చెయ్యంటే చెయ్యేనండీ!" అంది. ఆ మాట అతను బస్టాండు టీ కొట్లో నలుగురికి చెప్పాడు. నలుగురూ వినలేదు, అది వేరే సంగతి.

ఇప్పుడా చేతి మీదే అనుమానం.

"సీసాల్లో నీళ్ళెట్టడానికి ఇంత పేసీ ఏటి? మానీ" అంది కుబ్రా ఆ రాత్రి అన్నం పెడుతూ.

"మానడానికి నేను తప్పు సేసేనా? తప్పు సేసేనని ఒప్పుకుంటే మానొచ్చు. సెయ్యలేదే!"

తెల్లారి మొదటి బస్సుకే విశాఖపట్నం వెళ్ళాడు. యూనివర్సిటీ గేటు దగ్గర వాచ్‌మన్ ఎవరు కావాలంటే యురేనియం మేడమ్ అన్నాడు. వాచ్‌మన్ లోపలికి పంపడానికి ముప్పావు గంట తీసుకున్నాడు. అప్పటికి బాబ్జాన్ కోపం ఉడికి చిక్కబడింది.

కనకమహాలక్ష్మి ముఖం కూడా నిద్ర లేనట్టే ఉంది. కంప్యూటర్లో గీత చూపించింది. మెట్ట నుంచి పల్లానికి ఆరు చుక్కలు మెట్లు దిగినట్టు దిగుతున్నాయి. మే, జూన్ నెలల్లో ఏడో చుక్క అన్నిటికంటే కింద ఉంది. జూలై నుంచి అది ఎగిరి మళ్ళీ మొదటి చుక్క సరసన కూర్చుంది.

"రెండేళ్ళ పని ఇది. ఆ ఒక్క బోరు నిలబడకపోతే నేను చెప్పేదేదీ నిలబడదు. గాలి దూరిందని సార్ అంటున్నారు. అదే అయితే యురేనియం ఇంత పెరగదు కదా అని నాకూ ఉంది. కానీ ఇంకేం చెప్పను?"

"దాసిన సీసా ఉందా?"

ఉంది. జూన్‌దీ, అక్టోబరుదీ రెండూ తెచ్చింది. బాబ్జాన్ జూన్ సీసా మూత తీశాడు. గదంతా గుప్పుమంది. అక్టోబరు సీసా తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏమీ లేదు. ఇంకోసారి పీల్చాడు. మంచినీళ్ళు.

"టీ డికాషన్ తెప్పించండి మేడమ్. పాలెయ్యొద్దనండి."

"ల్యాబులో టీ తాగకూడదు."

"తాగడానికి కాదమ్మా!"

వరండాలో, కిటికీ గట్టు మీద, రెండు కాగితం కప్పుల్లో డికాషన్ పోశారు. కొత్త బోరు వేసిన ప్రతి ఇంట్లోనూ బాబ్జాన్ చేసే పరీక్షే ఇది. ఇంటావిడ ఇచ్చిన టీలో ఆ బోరు నీళ్ళు కాసిని పోస్తాడు. నల్లబడితే నీళ్ళలో ఇనుముంది, అన్నం రంగు మారుతుంది, బట్టలు పాడవుతాయి, తాగకండి అని చెబుతాడు. జూన్ సీసా నీళ్ళు పొయ్యగానే డికాషన్ సిరాలా మారింది. అక్టోబరు నీళ్ళు పోస్తే టీ టీలాగే ఉంది.

కనకమహాలక్ష్మి రెండు కప్పులూ మార్చి మార్చి చూసింది.

"గాలీ లేదు, గీలీ లేదు. గాలి దూరుంటే అడుక్కి ఎర్రగా తుప్పు దిగేది. ఇది అచ్చియ్యమ్మప్ప బోరు నీళ్ళే కాదు. మెట్ట మీది నీళ్ళు!" అన్నాడు బాబ్జాన్. ఆ క్షణంలో అతని ఛాతీ రెండంగుళాలు పెరిగింది. సార్ అనేవాడు ఎదురుగా ఉంటే ఆ కప్పు ఆయన చేతిలో పెట్టేవాడు.

కానీ ఆమె తెలివైన పిల్ల. "అంటే సీసా నింపాక ఎవరో మార్చారు. పెట్టె ఎక్కడైనా వదిలారా?"

"ఎక్కడా ఒదల్లేదు."

"ఒక్క నిమిషమైనా?"

"ఒదల్లేదమ్మా! కాయితం మీద సంతకం ఎట్టేను కదా?"

"మరి జూలై నుంచి ఏం మార్చారు మీరు?"

"ఏటీ మార్చలేదు. పేర్లు రాసేను, అంతే."

జూన్‌లో ఐసు తడికి సీసాల మీది నంబర్లు చెరిగిపోయి, ఒకటేదో ఏడేదో తెలియక ఆమే విసుక్కుంది. అందుకని జూలై నుంచి బాబ్జాన్ నంబరు కింద బోరు గలవాళ్ళ పేరు కూడా చెరగని మార్కరుతో రాశాడు. నంబరు మర్చిపోతాడు గానీ మనిషిని మర్చిపోడు. ఇన్నేళ్ళూ అతనికి బోరంటే మనిషి పేరే. దానికీ నీళ్ళు మారడానికీ సంబంధం ఏమిటని ఇద్దరూ తల పట్టుకున్నారు. పెట్టె వదల్లేదన్న అతని మాట ఆమె నోటుబుక్కులో తారీఖు వేసి రాసుకుంది.

తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చున్నా గాలి ఆడలేదు అతనికి. జీపు డ్రైవరా? మూత తీస్తే బుడగ వస్తుంది, మేడమ్ దింపుకునేటప్పుడు చూస్తుంది. మెట్ట మీద వాళ్ళా? వాళ్ళకేం పని? బస్సు అనకాపల్లి దాటింది. రోడ్డు పక్క మసీదు నుంచి సాయంత్రపు అసర్ నమాజు అజాన్ వినపడింది. అలవాటుగా తల మీద రుమాలు సర్దుకున్నాడు. సర్దుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

శుక్రవారం. జుమ్మా.

ఏడో బోరు దగ్గర పని అయ్యేసరికి ప్రతిసారీ పన్నెండు దాటుతుంది. జుమ్మా నమాజుకి చోడవరం వెళ్ళాలి. పద్నాలుగు గాజు సీసాల పెట్టె మోపెడ్ మీద పెట్టుకుని మసీదుకి పోతాడా ఎవడైనా? అచ్చియ్యమ్మ వసారాలో నీడన పెట్టి, నమాజు చేసుకుని వచ్చి, ఆవిడ పెట్టిన మజ్జిగ తాగి, పెట్టె ఎత్తుకుని జంక్షన్‌కి పోతాడు. ప్రతి నెలా అంతే. వదిలానని అతనికి ఒక్కసారి కూడా అనిపించలేదు. అచ్చియ్యమ్మ వసారాలో పెడితే వదిలినట్టా? ముప్ఫై ఏళ్ళ కిందట ఆ ఇంటికి మొదటి బోరింగు బిగించినవాడు తను. అప్పా అంటే తమ్ముడూ అంటుంది. తన ఇంట్లో పెట్టుకుంటే వదిలాననుకుంటాడా?

చోడవరంలో దిగి ఇంటికి పోలేదు. మోపెడ్ తీసి నేరుగా వడ్డాది దారి పట్టాడు.

అచ్చియ్యమ్మ పెరట్లో చేట పట్టుకుని మినుములు చెరుగుతోంది. అరవై అయిదు దాటిన మనిషి, నడుం వంగినా నోరు వంగలేదు.

"ఈ యేళప్పుడొచ్చేవేటి తమ్ముడూ? నీలు పట్టే రోజు కాదు కదా?"

"అప్పా, ఒక మాటడుగుతాను, కోపగించుకోకు. నేను నమాజుకెల్లినప్పుడు ఆ పెట్టి ఎవరైనా ముట్టేరా?"

"ఎవులు ముడతారు? నానుండగా ఎవుల్ని ముట్టనిస్తాను?" అని, ఆ వెంటనే గొంతు తగ్గించి, గొప్ప సాయం చేసి చెప్పకుండా దాచుకున్న మనిషిలా నవ్వింది. "నాను తప్ప."

బాబ్జాన్ పెరటి గట్టు మీద కూర్చున్నాడు.

"నువ్వే సదివి వినిపించేవు కదా, ఇదిగో అప్పా నీ పేరు, ఇది యూనివర్సిటీకి ఎల్తాది, పెద్దపెద్దోళ్ళు సూస్తారని. నాకు సిగ్గేసీసింది తమ్ముడూ. ఆ కంపు నీలు మా గేదైనా తాగదు. దాని మీద నా పేరెట్టి ఊరికి పంపుతావా? సూసినోళ్ళు అచ్చియ్యమ్మ ఇలాటి నీలు తాగి బతుకుతందని అనుకోరా? పేరు లేనప్పుడు నాను ముట్టలేదు. పేరెట్టిన కాడి నుంచీ ఆ నీలు పారబోసి, మెట్ట మీది మంచినీల నూతి నీలు ఎట్టేను. మాం తాగీ నీలే, గుడ్డతో వడగట్టినవి."

"బుడగ..." అన్నాడు బాబ్జాన్.

"బుడగెందుకుంటాది? నువ్వు సేసినట్టే సేసేను. సీసా కడిగి, గోలెంలో ముంచి, నీలల్లోనే మూత బిగించి, బోర్లించి సూసేను. అక్టోబరులో ఒకపాలి బుడగొస్తే మల్లీ ఎట్టేను. నీకు మాట రాకూడదని."

తిట్టాలి. ఊళ్ళో అందరినీ తిట్టగలిగిన నోరది. అయితే ఏమని తిట్టాలి? ముప్ఫై మూడేళ్ళలో అతను చూపించిన పనిని ఒక్కసారి చూసి అంత శుభ్రంగా పట్టిన మనిషి ఇంకొకరు లేరు. ఆమె పేరు సీసా మీద రాసిందీ తనే, చదివి వినిపించిందీ తనే, పెట్టె ఆమె చేతిలో పెట్టి పోయిందీ తనే. కోపం ఎటు తిప్పినా తిరిగి తన మీదకే వస్తోంది.

"మిగతా సీసాలు?" అన్నాడు.

"ఆళ్ళ పేర్ల సంగతి నాకెందుకు? నాది తప్ప నాను ముట్టలేదు. ఏటి తమ్ముడూ, నా నీలు బాగులేవన్నారా?"

"బాగున్నాయన్నారప్పా. మరీ బాగున్నాయన్నారు" అని లేచాడు. మజ్జిగ తాగి పొమ్మన్నా ఆగలేదు.

పెద్దేరు వంతెన పక్కన మోపెడ్ ఆపి, చాలాసేపు ఫోను చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. పొద్దుటిదాకా అతని బాధ ఒకటే, తన మాట నమ్మడం లేదని. ఇప్పుడు తన మాటే తప్పని చెప్పడానికి ఫోన్ చెయ్యాలి. చెయ్యకపోతే? తప్పు డ్రైవరు మీదో, గాలి మీదో పోతుంది. ఆ పిల్ల ఇంకో రెండు నెలలు ఆ గీత చూసుకుంటూ జుట్టు పీక్కుంటుంది. నంబరు నొక్కాడు.

అంతా చెప్పాడు. జుమ్మా, వసారా, పేరు, మెట్ట మీది నుయ్యి. పెట్టె వదల్లేదని పొద్దున చెప్పింది అబద్ధమని, అది అబద్ధమని అప్పుడు తనకి తెలియదని, తెలియకపోయినా అబద్ధం అబద్ధమేనని.

అతను భయపడినట్టు కోప్పడకుండా, ఆమె నిట్టూర్చింది. "పోన్లెండి. ఏడో బోరు ఎందుకు ఎగిరిందో తెలిసింది. అది బురద చేసింది కాదు, మనుషులు చేసింది. ఆ నాలుగూ తీసేస్తాను. మిగతా ఆరు బోర్లూ ఉన్నాయి, మే, జూన్ నెలల ఏడోది ఉంది. దాంతో నిలబెట్టొచ్చు."

బాబ్జాన్‌కి ప్రాణం లేచొచ్చింది. "అల్లా సల్లగా సూడాలమ్మా మిమ్మల్ని."

"ఒక్కటే. సార్ అడిగితే నేను రాసివ్వాలి." కాగితాలు తిప్పిన చప్పుడు. "మిగతా ఆరు బోర్ల సీసాలూ అదే పెట్టెలో, అదే వసారాలో ఉన్నాయి కదా? వాటిని ఎవరూ ముట్టలేదని మీరు చెప్పగలరా?"

ముట్టలేదు. అతనికి తెలుసు. అచ్చియ్యమ్మ అబద్ధమాడదు. ఆరు బోర్లు, నాలుగు నెలలు, ఇరవై నాలుగుసార్ల నీళ్ళు, ఎండలో వానలో అరగంటేసి పంపు కొట్టి, భుజాలు వాచిపోయేలా పట్టిన నీళ్ళు. జూలై వానలకి నేలలో దిగిన నీళ్ళు మళ్ళీ జూలైకి గాని దొరకవు, ఆ పిల్లకి అప్పటిదాకా గడువు లేదు. చెప్పవలసింది ఒక్క మాట. చెప్పగలనమ్మా అంటే చాలు, రాసుకుంటుంది. అది నిజం కూడా.

వంతెన మీద చెరకు లారీ ఒకటి పోయింది. అది పోయేదాకా ఆగాడు.

"ముట్టలేదనే నా నమ్మకమమ్మా. కానీ నేను సూళ్ళేదు."

"చూళ్ళేదు" అంది ఆమె మెల్లగా, రాసుకుంటూ. "పేర్లు లేని మే, జూన్ సీసాలకి సార్ ఒప్పుకోవచ్చు. జూలై నుంచి పట్టిన ఇరవై ఎనిమిదీ మాత్రం తీసెయ్యాలి, బాబ్జాన్ గారూ." ఫోను పెట్టేసింది.

బాబ్జాన్ మోపెడ్‌కి ఆనుకుని నిలబడ్డాడు. అచ్చియ్యమ్మ పారబోసింది నాలుగుసార్ల నీళ్ళే. మిగతా ఇరవై నాలుగూ అతను తన నోటితో తనే పారబోశాడు.